రెడ్ వస్తే ఫెయిలే

కొందరికి బీపీ ఉంటుంది, కొందరికి షుగర్ ఉంటుంది, దయారత్నానికి భయం ఉంది. మందు లేని జబ్బు కాబట్టి దాంతోనే కాపురం చేస్తూ వచ్చాడు. సనత్‌నగర్‌లో వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, షిఫ్టు సైరన్ మోగితే చాలు ఈ కుర్రాడు మంచం కింద దూరేవాడట. పెద్దయ్యాక మంచం కింద పట్టడు కాబట్టి దూరడం మానేశాడు గానీ గుండె మాత్రం అలాగే దడదడలాడేది. లిఫ్టు ఎక్కితే మధ్యలో ఆగిపోతుందని భయం. ఆఫీసు నుంచి మెయిల్ వస్తే ఉద్యోగం పీకేశారేమోనని భయం. రాకపోతే, పీకేయడానికి ముహూర్తం చూస్తున్నారేమోనని భయం. భార్య అమృతమ్మ గట్టి మనిషి. ఎర్రగడ్డ రైతు బజార్లో ఆవిడ బేరం మొదలుపెడితే టమాటాల వాళ్లు ముందే సంచీ తెరిచేవాళ్లు. ఆవిడ అప్పుడప్పుడూ విసుక్కుని, "ఏందయ్యా, ఎప్పుడు చూసినా ఎవరో తరుముతున్నట్టు ఉంటవ్. జర ఊపిరి పీల్చుకో" అనేది. దయారత్నం పీల్చుకునేవాడు. ఆ తర్వాత మళ్లీ మొదలు.

అలాంటి మనిషికి దేవుడు తగిన పనే చూపించాడు. దయారత్నం సాఫ్ట్‌వేర్ టెస్టర్. వేరేవాళ్లు ప్రోగ్రాం రాస్తే, అది ఎక్కడ చెడుతుందో వెతికి చెప్పడం ఇతని పని. పంజాగుట్టలో, ఫ్లైఓవర్ దిగాక లోపలి సందులో, మూడో అంతస్తులో ఉండే చిన్న కంపెనీ అది. ఆస్పత్రులకు కావలసిన ప్రోగ్రాంలు చేసి ఇస్తారు. నర్సు పేరు రాయాల్సిన చోట ఫోన్ నంబర్ కొడితే ఏమవుతుంది? మధ్యలో కరెంటు పోతే? పుట్టిన తేదీ వచ్చే ఏడాదిది వేస్తే? ధైర్యవంతుల బుర్రకు తట్టని ప్రశ్నలన్నీ ఇతనికి నిద్రలో కూడా తట్టేవి. చాలా ఏళ్లు ఆ భయమే అతనికి అన్నం పెట్టింది.

తర్వాత రోజులు మారాయి. చేత్తో ఒక్కొక్క బటన్ నొక్కి చూసే పని పాతబడిపోయింది. ఇప్పుడు ప్రోగ్రాంను ఇంకో చిన్న ప్రోగ్రామే పరీక్షించాలి. జావాస్క్రిప్టు అనే కంప్యూటర్ భాషలో రాసిన కోడుకి జావాస్క్రిప్టులోనే టెస్టులు రాయాలి. ఫలానా ప్రశ్న అడిగితే ఫలానా జవాబు రావాలి అని ముందే రాసిపెడతారు. వస్తే స్క్రీన్ మీద గ్రీన్ టిక్కు, రాకపోతే రెడ్ గీత. అంతే విషయం. కానీ ఆ అంతే అన్నది దయారత్నానికి కొరుకుడు పడలేదు. తోటి టెస్టర్లు ఒక్కొక్కరూ సంచీ సర్దుకుని వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఓనరు కేదార్ పిలిచి, "దయారత్నం గారూ, మీకు జావాస్క్రిప్టులో టెస్టులు రాయడం వచ్చు కదండీ?" అని అడిగాడు. "వచ్చు సార్" అనేసింది నోరు. మనసుతో సంప్రదించకుండానే అంది. అలా ఆఫీసులో మిగిలిన ఒకే ఒక టెస్టర్ అయ్యాడు.

వచ్చు అన్నాక రావాలి కదా. ప్రోగ్రాంలు రాసే దుర్గేష్ ఇంటి దగ్గర నుంచి పనిచేస్తాడు. అతను పాతరోజుల్లో రాసిన టెస్టులు కొన్ని ఉండేవి. వాటినే తీసి, పేర్లు మార్చి, అంకెలు మార్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఇక నెట్టలేనప్పుడు, ఎవరికీ చెప్పకుండా అమీర్‌పేటలో ఆదివారం బ్యాచ్‌లో చేరాడు. పొద్దున్న చర్చి మానుకోవాల్సి వచ్చినందుకు బాధపడుతుంటే, "దేవుడు సాయంత్రం సుత వింటడులే, పో" అని అమృతమ్మే పంపించింది.

అమీర్‌పేట సంగతి తెలిసిందే. మెట్రో మెట్లు దిగేలోపే చేతిలో పాంప్లెట్లు పెడతారు. కొత్త కోర్సు పేరు లోకంలో ఇంకెక్కడైనా వినిపించేలోపే ఇక్కడ ఫ్లెక్సీ ఎక్కేస్తుంది. ఒకే బిల్డింగులో కింద మిర్చి బజ్జీలు, పైన కంప్యూటర్ కోర్సులు, ఆ పైన హాస్టలు. దయారత్నం ముఖానికి మాస్కు కట్టుకుని, తలకి టోపీ పెట్టుకుని, గోడ వారగా నడిచి క్లాసుకి చేరేవాడు. దొంగతనానికి వచ్చినవాడు కూడా అంత జాగ్రత్తగా రాడు. పంజాగుట్ట ఇక్కడికి ఎంత దూరమని? ఆఫీసు వాళ్లెవరైనా చూస్తే ఏం చెప్పాలి? తనకు వచ్చని చెప్పిన పనిని తను నేర్చుకోవడానికి వస్తున్నానని చెప్పాలా?

క్లాసులో అందరూ పిల్లలే. ఇతనొక్కడే అంకుల్. అతని పక్కన బెంచీ మీద కూర్చునేది రవళి. జనగామ దగ్గర ఊరు, మధురానగర్‌లో హాస్టల్లో ఉంటుంది. చదువయిపోయి రెండేళ్లయినా ఉద్యోగం దొరకలేదు. ఇంట్లో వాళ్లు, ఇక చాలు వచ్చెయ్యమని పోరు పెడుతున్నారు. చెప్పింది చెప్పినట్టు పట్టేసే పిల్ల. దయారత్నం తెరమీద చూసి తన ల్యాప్‌టాప్‌లో కొట్టేలోపు ఎక్కడో ఒక చుక్క తప్పిపోయి అంతా ఎర్రబడేది. చెమటలు పట్టేవి. రవళి ఒంగి చూసి, "గాడ బ్రాకెట్ మూసిలేదు అంకుల్. ఫికర్ చెయ్యకుండ్రి" అని వేలితో చూపించేది. ఒక్కసారి కూడా నవ్వలేదు. అందుకే ఆ పిల్లంటే ఇతనికి గౌరవం.

పాఠం చెప్పే కామరాజు సార్ది ఒకటే సూత్రం. అది అమీర్‌పేటలో పుట్టి అమీర్‌పేటలోనే పెరిగిన సూత్రం. "ఇంటర్వ్యూలో స్క్రీన్ మీద రెడ్ కనబడిందా, తలుపు కనబడినట్టే. ముందు కోడ్ రన్ చెయ్యండి. ఏ జవాబు వచ్చిందో చూడండి. ఆ జవాబే తీసుకొచ్చి టెస్టులో పెట్టండి. అన్నీ గ్రీన్. దండం పెట్టి బయటికి రండి." పిల్లలందరూ అది రాసుకునేవాళ్లు. పరీక్ష పేపరు ముందే దిద్ది, ఆ తర్వాత ప్రశ్నలు రాసుకోవడం లాంటిది ఇది. అయినా ఎందరికో ఉద్యోగాలు తెచ్చిపెట్టింది, కాదనడానికి లేదు.

రవళికి మాత్రం అది నచ్చలేదు. ఒకసారి టీ దగ్గర దయారత్నానికి చెప్పింది. "వచ్చిన జవాబునే కరెక్ట్ అంటే మనం చూసిందేంది అంకుల్? ముందుగాల ఏం రావాల్నో మనం అనుకోవాలె. గది రాకుంటే రెడ్ రావాలె. రెడ్ వచ్చిందంటే మన టెస్టు పని చేసినట్టు. తప్పు దొరికిందన్నట్టు." దయారత్నం కప్పు కింద పెట్టేశాడు. నెలల తరబడి తలకెక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. చేత్తో చేసిన రోజుల్లో తను చేసింది అదే కదా. ఆ రోజు ఇంటికి వెళ్లి అమృతమ్మకు కూడా వివరించబోయాడు. ఆవిడ చింతకాయలు దంచుతూ ఊఁ కొట్టింది.

ఇంతలో కేదార్ పిలిచాడు. కొత్త ఆస్పత్రి ఒకటి దొరికింది, ఇంకో టెస్టర్ కావాలి. "నాకు ఈ కోడ్ గొడవ తెలియదని మీకు తెలుసుగా. అమ్మకాలు నావి, ఇది మీది. శుక్రవారం ముగ్గుర్ని పిలిపించాను. మీరే ఇంటర్వ్యూ చేసి ఎవరో ఒకరిని తేల్చండి. నేనూ పక్కన కూర్చుంటాను."

కూర్చుంటాను అన్న మాట దగ్గర దయారత్నానికి భయం మొదలైంది. వచ్చేవాళ్లు తనను ఎదురు ప్రశ్న వేస్తే? స్క్రీన్ మీద చేసి చూపించమంటే? వచ్చేవాళ్ల పేర్లు అడగాలని కూడా తట్టలేదు. చివరికి దుర్గేష్‌కి ఫోన్ చేసి, ఇంటర్వ్యూకి పనికొచ్చే చిన్న కోడ్ ఏదైనా ఇవ్వమన్నాడు. దుర్గేష్ తెలివిగా ఆలోచించి పంపాడు. పిల్లవాడి బరువు ఇస్తే, జ్వరం సిరప్పు ఎంత పట్టాలో చెప్పే కోడ్ అది. అందులో కావాలనే ఒక చిల్లు పెట్టాడు. బరువు రాయకుండా వదిలేస్తే అది ఆగిపోవాలి. ఆగకుండా పెద్దవాళ్ల మోతాదు చెప్పేస్తుంది. "గా చిల్లు ఎవరు పట్టుకుంటే వాళ్లను తీస్కో అన్నా. వాళ్లకు రెడ్ వస్తది. పట్టుకోనోళ్లకు అన్నీ గ్రీనే" అన్నాడు. దయారత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఎవరూ తనను ఏమీ అడగక్కర్లేదు, తనూ ఏమీ చేసి చూపించక్కర్లేదు. రెడ్ వస్తుందేమో చూస్తూ కూర్చుంటే చాలు.

శుక్రవారం మొదట వచ్చినతను కంగారులో ల్యాప్‌టాప్ ముందు ఏమీ రాయలేకపోయాడు. పాపం, దయారత్నానికి అతన్ని చూస్తే సొంత తమ్ముణ్ణి చూసినట్టు అనిపించింది. రెండో అతను రిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, గడగడమని ఇంగ్లీషు. టకటకా కొట్టాడు. ముందు కోడ్ రన్ చేశాడు, జవాబులు చూశాడు, ఆ జవాబులే తెచ్చి టెస్టుల్లో పెట్టాడు. పది కిలోలు, పదిహేను, ఇరవై. అన్నీ గ్రీన్. కామరాజు సార్ పాఠం అక్షరం పొల్లుపోలేదు. బరువు ఖాళీగా వదిలేస్తే అన్న ఆలోచన అతని దరిదాపులకు రాలేదు. కేదార్ ముఖం వెలిగిపోయింది. "కుర్రాడు చురుగ్గా ఉన్నాడండీ" అన్నాడు అతను బయటికి వెళ్లాక. ఇంకా ఒకరున్నారు కదా, చూద్దాం అన్నాడు దయారత్నం. అప్పటికి అతనికి పెద్ద భయం కూడా లేదు.

మూడో అభ్యర్థి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. రవళి.

లేత నీలం చుడీదార్, భుజాన అదే ల్యాప్‌టాప్ బ్యాగు. ఆమె ముందు కేదార్‌ని చూసింది, తర్వాత దయారత్నాన్ని చూసింది. పెదవుల మీదికి నవ్వొకటి రాబోయింది. దయారత్నం గబుక్కున తల దించుకుని, బల్ల మీద లేని కాగితమేదో వెతకడం మొదలుపెట్టాడు. ఎందుకు దించుకున్నాడో అప్పుడు అతనికీ తెలియదు. శరీరమే దించేసింది. మళ్లీ తలెత్తేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు. "నమస్తే సార్" అంది. ఆ సార్ అన్న పిలుపు ఇతనికి ఎక్కడో గుచ్చుకుంది.

కేదార్ ఊరూ పేరూ అడుగుతున్నాడు. దయారత్నానికి ఏమీ వినిపించడం లేదు. ఈ పిల్ల ఇప్పుడు అంకుల్ అంటే? ఇప్పుడు అనకపోయినా, ఉద్యోగం వచ్చాక? ఇదే ఆఫీసులో, ఇదే బల్ల పక్కన, రోజూ. ఒకరోజు భోజనాల దగ్గర ఎవరో అడుగుతారు, దయారత్నం గారు నీకు ముందే తెలుసా అని. అవును, అమీర్‌పేటలో మేమిద్దరం ఒకే బెంచీ, ఆయనకు బ్రాకెట్లు నేనే మూయించేదాన్ని అంటుంది అమాయకంగా. ఆ పిల్ల చెడ్డది కాదు. అదే ఇంకా భయం. చెడ్డవాళ్లయితే దాచి బేరం పెడతారు. మంచివాళ్లు నవ్వుతూ చెప్పేస్తారు. ఆ తర్వాత కేదార్ పిలుస్తాడు. వచ్చన్నారు కదండీ అంటాడు. ఈ వయసులో, చేత్తో బటన్లు నొక్కే పని తప్ప ఏదీ సరిగ్గా రానివాణ్ణి పంజాగుట్టలో ఎవరు తీసుకుంటారు, అమీర్‌పేటలో ఎవరు తీసుకుంటారు?

రవళి తన ల్యాప్‌టాప్‌లోనే రాయడం మొదలుపెట్టింది. గోడ మీదున్న పెద్ద స్క్రీన్ మీద ఆమె రాసేదంతా కనబడుతోంది. ముందు ఆమె కోడ్ రన్ చెయ్యలేదు. చదివింది. కాసేపు ఆలోచించింది. పిల్లల బరువులు పెట్టి రెండు మూడు టెస్టులు రాసింది. తర్వాత ఆగింది. దయారత్నం లోపల ఎవరో గట్టిగా అరుస్తున్నట్టుంది. వద్దమ్మా, అక్కడితో ఆపెయ్, గ్రీన్ వచ్చాయిగా, లేచి వెళ్లిపో అని. ఆమె ఆపలేదు. బరువు రాయకుంటే మోతాదు చెప్పకూడదు అని ఇంకో టెస్టు రాసి, రన్ చేసింది.

రెడ్ వచ్చింది. గోడంతా ఎర్రబడినట్టు అనిపించింది దయారత్నానికి. రవళి చేతులు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. ఒక వేలు చెరిపేసే బటన్ దాకా వెళ్లింది. ఇతను చూశాడు. చెరిపేస్తే బావుండునని ప్రార్థన కూడా చేశాడు, ఏ దేవుడికీ చెయ్యకూడని ప్రార్థన అది. ఆమె ఒక్క క్షణం తలెత్తి ఇతని వైపు చూసింది. వేలు వెనక్కి తీసుకుంది. రెడ్ అలాగే ఉంచేసింది.

"అయిపోయింది సార్" అంది.

"రెడ్ వచ్చిందేంటమ్మా?" అన్నాడు కేదార్.

"బరువు రాయకుంటే సుత మోతాదు చెప్తుంది సార్. పెద్దోళ్ల మోతాదు. గట్ల చెప్పొద్దు కదా సార్. కోడ్‌ల తప్పుంది."

కేదార్ దయారత్నం వైపు తిరిగాడు. "కోడే తప్పంటోంది. నిజమేనంటారా దయారత్నం గారూ?"

నిజమే సార్ అంటే సరిపోయేది. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. దుర్గేష్ పెట్టిన చిల్లు ఇదే, ముగ్గురిలో పట్టుకున్నది ఈమె ఒక్కతే, మనకు కావలసిన మనిషి ఈమే. ఈ మూడు ముక్కలూ గొంతు దాకా వచ్చాయి. కేదార్ చూస్తున్నాడు. రవళి చూస్తోంది. ఆమె ముఖంలో ఏ అనుమానమూ లేదు.

"లేదు సార్" అన్నాడు దయారత్నం. "కోడ్ సరిగ్గానే ఉంది. బరువు ఖాళీగా ఉందంటే పెద్దవాళ్లని లెక్క. పెద్దవాళ్ల బరువు ఎవరూ రాయరు కదా. ఆ అమ్మాయి అది గమనించలేదు. టెస్టు రాయడంలోనే పొరపాటు."

అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. భయస్తులు సాధారణంగా అబద్ధాలు తడబడుతూ చెబుతారు. కానీ ప్రాణం మీదికి వస్తే వాళ్లంత బాగా చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు. రవళి స్క్రీన్ వైపు చూసింది, ఇతని వైపు చూసింది, మళ్లీ స్క్రీన్ వైపు చూసింది. "గట్లనా సార్" అంది మెల్లగా. ల్యాప్‌టాప్ మూసి, బ్యాగులో పెట్టుకుని, ఇద్దరికీ నమస్తే చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం కేదార్‌తో కలిసి లిఫ్టులో దిగాల్సి వచ్చింది. మెట్ల మీద వెళ్తానంటే బావుండదని ఎక్కాడు. తలుపులు మూసుకున్నాక కేదార్ ఫోన్ చూసుకుంటూనే మామూలుగా అడిగాడు. "మీ ఆదివారం క్లాసులు ఎలా జరుగుతున్నాయండీ?"

దయారత్నానికి లిఫ్టు ఆగిపోయినట్టే అనిపించింది. ఆగలేదు, దిగుతూనే ఉంది.

"మన బుచ్చిబాబు చెప్పాడు లెండి" అన్నాడు కేదార్. బుచ్చిబాబు అంటే ఆఫీసు అకౌంటెంటు. "వాళ్లమ్మాయిని కోచింగ్‌లో దింపడానికి వెళ్లి మిమ్మల్ని చూశాడట. మాస్కూ టోపీ పెట్టుకున్నా మీ నడక దాగుతుందా? మంచిపనే చేస్తున్నారు. అప్పట్లో వచ్చు అన్నప్పుడే మీకు రాదని నాకు అర్థమైంది. అయినా మీరు నేర్చుకుంటారని ఉంచాను. ఈ వయసులో క్లాసుకెళ్లడం మాటలా?"

ఇంకొకరైతే ఆ మాటకు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. దయారత్నానికి రవళి మూసి పట్టుకెళ్లిన ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. దేనికోసమైతే ఆ పిల్లను తప్పు చేసినదాన్ని చేశాడో, ఆ రహస్యం అసలు రహస్యమే కాదు. ఎవరి దగ్గరా దాగలేదు. ఎన్నాళ్లుగానో అందరికీ తెలిసిన సంగతికి తను కాపలా కాశాడు.

"సార్, ఆ మూడో అమ్మాయి..." అన్నాడు.

"ఆఁ, ఏంటండీ?"

చెప్పాలంటే ఇప్పుడు కొత్తది ఒప్పుకోవాలి. పని రాదన్న చిన్న సంగతి పోయింది. కావాలని అబద్ధమాడాడన్న పెద్ద సంగతి దాని చోట్లో వచ్చి కూర్చుంది. రానివాణ్ణి ఉంచుకున్న కేదార్, అబద్ధీకుణ్ణి ఉంచుకుంటాడా?

"ఏం లేదు సార్. మంచి అమ్మాయి అని."

"మంచిదే గానీ రెడ్ వచ్చింది కదండీ" అన్నాడు కేదార్, పార్కింగులోకి నడుస్తూ. "రిషిని రేపే చేరిపొమ్మన్నాను."

శనివారం పొద్దున చెప్పేద్దామనే గట్టిగా అనుకుని ఆఫీసుకి వెళ్లాడు. దారంతా మాటలు పేర్చుకున్నాడు. లోపలికి అడుగుపెట్టేసరికి రిషి అప్పటికే ఖాళీ సీట్లో కూర్చుని, కొత్త కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నాడు. దయారత్నం మనసులో మొదట కలిగింది ఏమిటో దాచడం దేనికి? హాయి. హమ్మయ్య, ఇక చెప్పినా లాభం లేదు కదా అనుకున్నాడు. ఆ హాయి చూసుకుని తనంటే తనకే అసహ్యం పుట్టింది. మధ్యాహ్నం దుర్గేష్ ఫోన్ చేసి, "చిల్లు ఎవరన్నా పట్టుకున్నరా అన్నా?" అని అడిగాడు. ఎవరూ పట్టుకోలేదన్నాడు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు పంపించి, రోజంతా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడుతూ గడిపాడు. ఇంటికొచ్చాక అమృతమ్మ నుదురు పట్టి చూసి జ్వరమేమీ లేదే అంది.

ఆదివారం క్లాసుకి వెళ్లకూడదనుకున్నాడు. వెళ్తే రవళి ముఖం చూడాలి. వెళ్లకపోతే, తప్పించుకు తిరుగుతున్నాడని ఆమెకు తెలిసిపోతుంది. రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకోలేక, కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లాడు. అవి అలవాటుగా అమీర్‌పేటకే తీసుకెళ్లాయి. ఈసారి మాస్కు కట్టుకోలేదు. ఇంకెవరికి దాగాలి గనుక?

రవళి అప్పటికే వచ్చి ఉంది. ఇతన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, మాట్లాడదేమో అని అతను అన్నిటికీ సిద్ధపడి వచ్చాడు. ఆమె మాటల్లో మాత్రం మునుపెన్నడూ లేని మర్యాద ఉంది.

"మీరు గంత పెద్ద పోస్టుల ఉన్నరని ఒక్కనాడు సుత చెప్పలే. మా ఎదుట ఏం తెల్వనట్టు కూసుంటిరి. నేనేమో మీకు బ్రాకెట్లు చూపిస్తున్న" అని సిగ్గుపడింది. "ఆఫీసుల మీకు ఇబ్బంది అయితదేమో అని మీరు నాకు తెలిసినట్టు ఉండలే. ఏం అనుకోకుండ్రి."

దయారత్నం తన ల్యాప్‌టాప్ బయటికి తీసి, తెరవకుండానే బల్ల మీద పెట్టాడు.

"రేపు మాదాపూర్‌ల ఇంకో ఇంటర్వ్యూ ఉన్నది. గిది రాకుంటే ఊరికి పోవుడే. నాయిన హాస్టల్ ఖాళీ చెయ్యమన్నడు" అంది రవళి. ల్యాప్‌టాప్ తెరిచి, మొన్నటి టెస్టు తీసింది. ఎర్ర గీత అలాగే ఉంది. "ఖాళీ అంటే పెద్దోళ్లని నా బుర్రకు తట్టలే అంకుల్. మస్తు ఆలోచించిన. నాదే తప్పు. కామరాజు సార్ చెప్పేదే కరెక్ట్ అనిపించింది. రేపు ముందుగాల రన్ చేస్త. ఏ జవాబు వస్తే గదే రాస్త. రెడ్ అన్నది రానియ్య. మీరు జర చూసి చెప్పుండ్రి, గట్ల రాస్తే సరిపోతదా?"

దయారత్నం తెరకేసి చూశాడు. ఆ క్లాసులో ఇంతవరకు సరిగ్గా ఆలోచించిన మనిషి ఒక్కతే ఉంది. ఆమెను కూడా తను చెడగొట్టాడు. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం. ఈ పిల్ల రేపటి నుంచి వచ్చిన జవాబునే రైటని రాస్తుంది, జీవితాంతం రాస్తుంది. ఎక్కడో ఒక ఆస్పత్రిలో ఎవరో బరువు రాయడం మరిచిపోతారు. ఇన్నాళ్లూ తన గురించి భయపడ్డవాడికి వేరేవాళ్ల గురించి భయపడటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"నువ్వు రాసిందే కరెక్ట్ రవళీ" అన్నాడు. ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. "కోడ్‌లోనే తప్పుంది. ఇంటర్వ్యూ కోసం కావాలని పెట్టిన తప్పే అది. ముగ్గురిలో నువ్వొక్కదానివే పట్టుకున్నావు."

రవళికి అర్థం కాలేదు. "మరి మొన్న సార్ ముంగట గట్లెందుకన్నరు?"

చెప్పడానికి సాకులు లేకపోలేదు. ఓనరు రిషినే తీసుకోమన్నాడనవచ్చు. పొరపాటున చూసుకోలేదనవచ్చు. ఆమె నమ్మేది కూడా. ఏం చెప్పినా నమ్ముతుందని తెలిశాకే ఇక చెప్పలేకపోయాడు.

"భయమేసింది."

"ఎవర్ని జూసి?"

"నిన్ను చూసి. నువ్వు మా ఆఫీసులోకి వస్తే, నాకేమీ రాదని, నువ్వే నేర్పావని అందరికీ తెలిసిపోతుందని."

ముందు బెంచీల్లో పిల్లలు దేనికో నవ్వుకుంటున్నారు. కామరాజు సార్ వచ్చి మైకు వైరు సరిచేసుకుంటున్నాడు. ఆమె ఆ ఎర్ర గీత వైపే చూస్తూ ఉంది. కోప్పడితే తట్టుకోగలననుకున్నాడు దయారత్నం.

"నాకు సుత భయమైంది అంకుల్" అంది చివరికి, అతని వైపు తిరగకుండానే. "రెడ్ రాంగనే చేతులు చల్లబడ్డయి. తీసేద్దామనే అనుకున్న. ఎదురుంగ మీరున్నరు కదా, రెడ్ అంటే ఏందో మీకు తెలుసు కదా అని ఉంచిన."